వేలిముద్ర

అమలాపురంలో బ్యాంకు మేడ మీద. ఇరవై రెండు మెట్లు.
అరవై అడుగుల కొబ్బరిచెట్టు మూడు ఊపిర్లలో ఎక్కినవాడు
అయిదో మెట్టు దగ్గర కర్ర ఆనించి
"లెక్కపెడుతున్నావా దయామణీ?" అన్నాడు.
లేదన్నాను. అబద్ధం.

లోపల చల్లగా ఉంది. ఫైలు తెరిచిన కుర్రాడు
సహ దరఖాస్తుదారు: పెనుమాల యేసుపాదం
అని చదివి, బల్ల కిందికి చూసి,
మళ్ళీ పేరు చదివాడు.
ముందు మా ఆయనే నవ్వాడు.
"చిన్నప్పుడు పెట్టిందండి మా అమ్మ. రెండూ ఉండేవి అప్పుడు."

నాది రొయ్యల ఫ్యాక్టరీ, పదమూడు వేలు, స్లిప్పుంది.
ఆయన గడి దగ్గర పెన్ను ఆగింది.
ఒకటో తారీకున గుమ్మంలోకొచ్చే ఆరు వేలు
ఆదాయమా, కాదా?
పక్క బల్లనడిగాడు. పక్క బల్ల కాకినాడకి ఫోన్ చేసింది.
"పింఛను రేపు ఆగిపోతేనో?" అంది కాకినాడ.

సదరం కాగితం ముందుకు జరిపాను.
ఎనభై శాతం. శాశ్వతం.
దింపుల్లో మోకు తెగిన రోజున
ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు మాకు.
"మళ్ళీ మొలవదండి, ఆయ్," అన్నాడాయన,
"పదిహేనేళ్ళకీ హామీ నేను రాసిస్తాను."

కుర్రాడు నవ్వలేదు. గడిలో సున్నా పెట్టాడు.
ఆరేళ్ళు ఆ సున్నాతోనే బియ్యం కొన్నాం,
పిల్లదాని ఫీజు కట్టాం.
నా ఒక్కదాని మీదయితే లక్షన్నర తగ్గుతుందట.
పోయినేడు గోదారి ఎక్కిన గుర్తు మీద
రెండడుగులు లేపుదామనుకున్న పునాది,
ఆ రెండడుగులూ ఇక్కడే పోయాయి.

"వేలు పెట్టమ్మా."
పెట్టాను. ఎర్ర దీపం.
చీరకి తుడిచి పెట్టాను. ఎర్ర దీపం.
ఐసులో చేతులు పెట్టి పదేళ్ళు
రొయ్య తల తుంచి, పొట్టు ఒలిచి...
నా గీతలు ఏ తొట్లో పోయాయో.
పది వేళ్ళూ అయిపోయాయి. వెనక ఎవరో దగ్గారు.

"సరే, ఆయన్ని పెట్టమనండి."
మొదటిసారికే పచ్చ దీపం.
చెట్టు దిగిన ఆరేళ్ళలో
కాయలు కాచిన ఆ చెయ్యి మెత్తబడి
గీతలు తిరిగొచ్చాయి. పక్కనే పడుకుంటూ
నేను చూడనే లేదు.
జీతమున్న నేను ఆ యంత్రానికి లేను.
సున్నా అయిన ఆయన ఉన్నాడు.

ఆధార్ సరిచేయించుకుని సోమవారం రమ్మన్నారు.

దిగుతూ ఆయన కమ్మీ పట్టుకున్నాడు, నేను ఆయన చొక్కా.
"సోమవారం మళ్ళీ ఇరవై రెండు," అన్నాడు.
అంటే తనూ లెక్కపెట్టాడు.
కింద కాసేపు నిలబడి, ఊపిరి కూడదీసుకుని,
"మనింటికి మెట్లొద్దే. వాలు కట్టిద్దాం."
మేస్త్రీ రాసిచ్చిన అంచనాలో వాలు లేదు.
ఊఁ అన్నాను.