సన్నమంట

చిట్టీ ఎత్తిన నెల
పైసలతోటి ఒక మూకుడు సుత ఇచ్చిండు సారయ్య.
బయట వంకాయ రంగు, లోపల మీగడ రంగు.
డబ్బా మీద సిరామిక్ అని రాసున్నది.
"మట్టేనా?" అనడిగిన.
"మట్టి లెక్కనే, కని మట్టి గాదు" అన్నడు.
ఆయనకు సుత తెల్వదని నాకు తెలిసింది.

మొదటి నెల గుడ్డట్టు
మూకుట్లకెల్లి పళ్లెంలకు
బడి ఇడిచినంక పోరడు ఉరికినట్టు ఉరికింది.
ఓదెలు నవ్విండు:
"ఇగ నూనె ఖర్చు లేదు పో."

నూనె లేంది ఏం నడుస్తది?
మగ్గం సుత ఆరం పదిరోజులకు చుక్క అడుగుతది.

కొత్తవాడల జంపఖానాలు నేసెటోళ్లం,
మా చేతులకు తొందర ఎక్కువ.
మంట పెద్దగ పెట్టుడు, ఇనుప అట్లకాడతోటి గీకుడు,
కాగిన గిన్నెను గట్లనే నల్లా కింద పెట్టుడు.
సుయ్యిమని ఒర్లుతది.
ఇన్నేండ్లు ఆ ఒర్లుడును
గిన్నె కడిగే సప్పుడే అనుకున్న.

మూడో నెలకు అడుగంత
తీగపాకం అసొంటి పచ్చ జిగురు.
గుడ్డు పట్టుకున్నది పట్టుకున్నట్టే.
"కొత్త రోడ్డు లెక్కనే ఇది సుత,
ఒక్క వానకే" అని
పాత ఇనుప పెనం కిందికి దించిండు ఓదెలు.

కాజీపేట తొవ్వల కనుకయ్య గానుగ.
ఎడ్లు లేవు, మోటరు తిరుగుతది,
వాసన మాత్రం గదే.
సంగతి చెప్తే ముందు అడిగిండు:
"ఏం నూనె పోస్తున్నవ్?"
ఆడిబిడ్డ తెచ్చిచ్చిన పిచికారి డబ్బా నూనె అన్న.
"పిచికారి పత్తిచేనుకు కొట్టాలె గని
గిన్నెకు కొడ్తరా బిడ్డా?"

నువ్వుల నూనె తొక్కులకు పెట్టుకో అన్నడు.
కుసుమ నూనె అడిగితే జరసేపు సప్పుడు చెయ్యలే.
వాళ్ల నాయిన కాలంల పరకాల దిక్కు
చేను చుట్టు కుసుమ ముండ్ల కంచెనేనట.
పల్లినూనె సీస చేతుల పెట్టిండు:
"కదపకు. అడుగున మడ్డి ఉంటది.
మీదిది వంపుకో, మడ్డి మాడితె అంటుకుంటది.
చల్లటి మూకుట్ల చెంచెడు పొయ్యి,
అటెన్క ముట్టియ్యి, సన్నమంట.
పొగ లేసిందంటె
నూనె నిన్ను తిడ్తున్నట్టే."

ఇంటికొచ్చి సోడా ఉప్పు, గోరువెచ్చని నీళ్లు.
మగ్గం కాడ తెగిన నూలంత ఉండచుట్టి
చంటిపిల్ల వీపు రుద్దినట్టు రుద్దిన.
మూడు రాత్రులు.
సగం జిగురు పోయింది. సగం పోలే.
పోని సగం
వడ్డేపల్లి చెరువుల మబ్బు నీడ లెక్క
అడుగున గట్లనే ఉన్నది.

ఆదివారం సర్వప్ప పెట్టిన.
బియ్యప్పిండి, నువ్వులు, నానవెట్టిన శెనగపప్పు,
ఉల్లాకు, ఇంత కారం.
చేతితోటి అద్ది, నడిమిట్ల ఏలుతోటి బొందలు చేసి
బొందకో చుక్క నూనె.
మూత పెట్టి కూసున్న.
సన్నమంట మీద ఏదైన కావాలంటె కూసోవాలె,
నాకు రానిది గదే.
ఓదెలు రెండుసార్లు వచ్చి మంట పెంచవోయిండు,
రెండుసార్లు చెయ్యి మీద కొట్టిన.
ఆఖరికి ఆయన సుత పీట ఏసుకున్నడు.
అప్పు సంగతి, కొత్త రంగుల సంగతి,
మూన్నెల్లకెల్లి అడుగంటిన మాటలు
ఒక్కొక్కటి అంచు లేసినయ్.

కట్టె గరిటె అంచుకు పెట్టంగనే
అప్ప జరిగింది.
ఉరకలే, జరిగింది.

ఇప్పుడు మూకుడు చల్లారెదాంక ఎవ్వరు ముట్టరు.
ఆరినంక దాంట్ల ఎర్ర జంపఖానా ముక్క ఏసి
దాని మీదనే ఇంకో గిన్నె పెడ్త.
అమ్మితె ఆ ముక్కకు రూపాయి సుత రాదు.

నిన్న పక్కింటి తాహెరా అడిగింది,
సుట్టాలొచ్చిండ్రు, మూకుడు ఇస్తవా అని.
ఇచ్చిన. ముక్కతోటి సహ ఇచ్చిన.
గడప దాటంగ మల్ల పిలిచిన:

"తాహెరా, మంట..."

"ఎరికే అక్కా," అన్నది,
"గోడవతల్కెల్లి దినాం వింటనే ఉన్న."