పర్ఖీ

ధర్మాబాద్ మోండాల నలభై ఏండ్లు
బస్తాల కడుపుల పర్ఖీ గుచ్చిన చెయ్యి ఇది.
జానెడు ఇనుప గొట్టం, మొన సన్నం, పొట్ట బోలు.
గుచ్చి గుంజితే లోపలి మాట బయటికొస్తది.
బస్తా మూతి కాడ ఎప్పుడూ మంచి గింజలే ఉంటయి.

ఈ యేడు నా నెత్తురుల ఒక అంకె పెరిగింది.
చలికాలంల నాలుగు, ఎండకాలంల ఆరున్నర,
తొలకరికి తొమ్మిది.
నాందేడ్‌ల నన్ను సొరంగంల పండవెట్టి
అరగంట సేపు రేకుడబ్బా మీద సుత్తె కొట్టినట్టు కొట్టి
ఫొటోలు తీసిండ్రు.
ఏం లేదు, సాఫ్ అన్నది కాగితం.
చంద్రవ్వ రైలు దిగంగనే పావుకిలో పేడాలు కొన్నది,
కాగితాన్ని బియ్యం డబ్బాల దాచింది.

నేను తినలే.
షుగరుందని కాదు.

ఒకసారి బిలోలి దిక్కు రైతు, సిద్రాం,
నా చెయ్యి పట్టుకున్నడు:
"గుచ్చకన్నా, పోటుకో పిడికెడు పోతది."
పైన చూసిన. సోయా బంగారం లెక్క ఉన్నది.
చీటీ రాసిచ్చిన.
మూడో దినం లాతూర్ మిల్లుల విప్పితే
అడుగంతా నల్లగ, ముద్దగ, ఆవిర్లు.
ఆ పైకం సేఠ్ నా కూలిల కోసిండు.
వాసన మాత్రం నాకే ఉంచిండు.

డాక్టర్ ఖడ్కే చిన్న పిల్లగాడు.
"ఫొటో మంచిగనే ఉన్నది సాబ్, అంకె మంచిగ లేదు.
గుచ్చి చూడుండ్రి" అన్న.
ఆయన కలం కింద పెట్టిండు.
"నేనూ అదే చెప్దామనుకున్న,
ఎట్ల చెప్పాల్నా అని చూస్తున్న."

కాళ్లు పైకి కట్టిండ్రు.
టక్.
నా పర్ఖీకి చప్పుడు లేకుండె.
టక్. రెండు.
హమాలీ బస్తాలెక్కినట్టు లెక్కవెట్టిన,
ఏడు కాడ తప్పిన, మల్ల ఒకటి నుంచి.
తెల్లదారం ముక్కల లెక్క నా కండ
సీసాలల్ల పడ్డది, సీసాకో చీటీ.
"వాపస్ ఇస్తరా?" అనడిగిన.
నర్సు నవ్వింది.
రైతులడిగితే మేమూ గట్లనే నవ్వెటోళ్లం.

మూడు దినాలు ఎర్రగ పోయింది.
చంద్రవ్వకు చెప్పలే.

పదకొండు సీసాలు సాఫ్.
పన్నెండోది, ఎడమ దిక్కు, అడుగున:
మూడూ నాలుగూ, ఏడు.
గింజల నడుమ గింజ లెక్కనే కూసున్నదట,
ఫొటోకు ఆనలేదట.
తొందరగ దొరికిందని మొదలువెట్టి
ఖడ్కే ఆపరేషన్, కరెంటు, గోలీలు అన్నీ చెప్పిండు.
సగమే విన్న. మిగిలిన సగం
సిద్రాం మొహం అడ్డమొచ్చింది.

ఇంటికొచ్చి పర్ఖీని బూడిదతోటి తోమిన.
బియ్యం డబ్బా మూత తీసి
కొత్త కాగితం పాతదాని పక్కన వెట్టిన.
చంద్రవ్వ చూసింది, అడగలే.
పొట్లంల రెండు పేడాలు మిగిలి రాయైనయి.
ఒకటి ఆమె చేతుల వెట్టి
ఒకటి నోట్లేసుకొని
నానిందాక కూసున్న.