సంచి మర్చిపోయాడు

సంచి పట్టీ తెగితే కుట్టింది నేనే,
పశువుల పొట్ట కుట్టే నల్ల దారంతో.
అందుకే కోర్టు వాళ్లకు నాతో పని పడింది.

కొండపి పశువుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ల అటెండర్ని.
వచ్చిన డాక్టర్లంతా
బదిలీ కాగితం కోసం ఎదురుచూస్తా గడిపారు.
సుధీంద్ర గారు అట్టా కాదు.
దూడ అడ్డం తిరిగితే అర్ధరాత్రి
భుజం దాకా చెయ్యి పెట్టి
"ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం" అని
గేదెతో మాట్లాడేవాడు.
అది కూడా రాసుకోండి అన్నాను.
రాసుకోలేదు.

ఎప్పుడు మొదలైందని లాయరు అడిగాడు.
జ్వరమైతే థర్మామీటరుంది, దీనికేముంది?
ముందు మాతో కలిసి టీ తాగడం మానేశాడు.
తర్వాత మందుల గది తలుపేసుకుని
చెవుల్లో తీగలు, ముఖం మీద ఫోను నీలం వెలుగు.
తర్వాత మాటల్లోకి "వాళ్లు" వచ్చారు.
ఎవరు సార్ వాళ్లు, అంటే
నన్ను ఎగాదిగా చూశాడు,
నేనెటువైపో తేల్చుకోడానికి.
ఏ జెండా అని మాత్రం నన్నడక్కండి.
పేరు చెబితే
మీలో సగం మంది హాయిగా నిద్రపోతారు.

శనివారం సంత.
ఎండుచేపలు, పచ్చిమిర్చి గోతాలు,
పొగాకు బ్యారన్ కూలీల చేతుల్లో వారం డబ్బులు.
తాటాకు పందిరి కింద సంచి చూసి
మాలకొండయ్య నల్ల దారం గుర్తుపట్టాడు.
పోయినేడు తన పొట్టేళ్లకు టీకాలు
అందులోంచే వచ్చాయి, పైసా తీసుకోకుండా.
సైకిలు హ్యాండిలుకు తగిలించి
మూడు కిలోమీటర్లు తొక్కి
ఆసుపత్రి మెట్ల మీద దించి
చెమట తుడుచుకుంటా అన్నాడు:
"డాక్టరు గారు సంచి మర్చిపోయాడబ్బాయ్."

లోపలిది ఎందుకు పేలలేదో
హైదరాబాదు వాళ్లు నాలుగు పేజీలు రాశారు.
నాకర్థం కాలేదు.
ఆ రోడ్డు మాత్రం తెలుసు,
ప్రతి గుంతా.

ఒంగోలులో తీర్పు రోజు
యావజ్జీవం అన్నప్పుడు
ఆయన తల దించలేదు, ఎత్తలేదు.
వ్యాను ఎక్కబోతా నన్ను చూసి
"మాలకొండయ్య రాలేదా?" అన్నాడు.
మేక ఈనలేక పడతా ఉంది సార్, అన్నా.
ఆయన కుడిచెయ్యి చటుక్కున లేచింది.
బేడీ లాగింది.
పక్కనున్న కానిస్టేబులు చెయ్యి కూడా లేచింది, దాంతోపాటే.

రాత్రుళ్లు ఆ చెయ్యే కనబడుతుంది నాకు.
అట్టాగని జాలి పడమనడం లేదు.
ఆ శనివారం
పందిరి పక్కనే కూచుని నా మనవరాలు
డజను గాజులు బేరమాడతా ఉంది.