వెన్నుపూస

ఏడాదంతా ఇది టోఫు కోసే బల్ల.
కత్తిగాట్ల మీద అమ్మ ఉప్పు రుద్దుతుంది,
వానరోజుల్లో కోళ్ళు ఎక్కి కూర్చుంటాయి.
మొదటి నెల పున్నమి సాయంత్రం మాత్రం
నాన్న దాన్ని వేడినీళ్ళతో కడిగి, బోర్లించి,
రెండు చివర్లా ఉన్న రంధ్రాల్లో వేలు పెట్టి చూస్తాడు.
ఒకటి ముందువాళ్ళ కోసం, ఒకటి వెనకవాళ్ళ కోసం.

మా జెజియాంగ్ కొండల్లో
డ్రాగన్ ఏ ఒక్కరి సొత్తూ కాదు.
తల పూర్వీకుల మందిరానిది,
మిగతా ఒళ్ళంతా ఇంటికో బల్ల.
బల్లకి మూడు లాంతర్లు, వెదురు ఈనెల మీద పలచటి కాగితం.
ఒకదాని మీద నేను పీతని గీశాను,
అది చిలగడదుంపలా వచ్చింది. అయినా అంటించేశారు.

మా యాసలో దీపమూ మగబిడ్డా దాదాపు ఒకేలా పలుకుతాయి.
అందుకే మూడో లాంతరు ఎవరి పేరు మీదని
మేనత్త ఏటా అడుగుతుంది.
నాన్న జిగురుగిన్నెలోంచి తలెత్తడు.
"మా చియూలాన్ చేతులు చూడు, మోకుల్లా ఉన్నాయి" అంటాడు.
ఈసారి బల్ల మోసేది నేనే.

చీటీలు తీశారు.
మా వెనక జువాంగ్ వాళ్ళ బల్ల పడింది.
పదకొండేళ్ళ కాలవనీళ్ళ తగాదా.
వాళ్ళ బాతు మా గట్టెక్కితే
నాన్న దాన్ని కూడా పలకరించడు.
జువాంగ్ దెషెంగ్ వచ్చాడు. నోరు విప్పకుండా
వాళ్ళ రంధ్రం మా రంధ్రం కిందికి జరిపి
కొయ్యచీల దించాడు.
టక్.

తర్వాతేముంది, పరుగు.
తల ఎక్కడో కొండమలుపులో ఊరికే అలా తిరుగుతుంది,
ఆ తిప్పు నూట ఎనభై బల్లలు దాటి
నా భుజంలో దిగేసరికి పిడుగు.
టపాకాయల పొగ, మోకాలి దాకా బురద,
చెవుల్లో తాళాల మోత.
దెషెంగ్ జారాడు. నేను చూడలేదు,
చీల చెప్పింది.
మడమలు నేలలో దిగేసి నిలబడ్డాను,
అతను లేచేదాకా ఆ బరువంతా
నా మణికట్టు మీద.
పడింది మా గట్టు మీదే, అదొకటి.

మా డ్రాగన్‌కి రెక్కలుండవు.
నీళ్ళలో పడుకుంటుంది, మబ్బై లేస్తుంది అంటారు.
పొలాల చుట్టూ తిప్పేది అందుకే.
ఎవరి మడి అని అది అడగదు.

తెల్లారుజామున విడదీశారు.
ఊరంతా మళ్ళీ ఉత్త బల్లలు.
అమ్మ మైనపు బొట్లు గీకుతోంది.
నా కోటు జేబులో వాళ్ళ చీల ఉండిపోయింది,
నల్లగా, చెమటకి నున్నగా.
ఇచ్చి రావాలి.
చీల ఒక్కటే పట్టుకెళ్తే ఏం బాగుంటుందని
నేను అడక్కుండానే అమ్మ
నాలుగు ముక్కల టోఫు ఆకులో చుట్టింది.