తిరిగొచ్చిన ఇరవై సెంట్లు

నెలాఖరు రాత్రి.
బఫలోలో ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొట్టుకొస్తోంది.
షాపు మూసేసి, పొయ్యి వేడి ఇంకా దిగని గోడకి వీపు ఆనించి
కార్డుల కంపెనీ పంపిన కాగితం విప్పాను.
ఆరువందల పదకొండు డాలర్లు.
ఈ నెల నేనమ్మిన రొట్టెల్లోంచి
వాళ్లు కోసుకున్న ముక్క.

నా పేరు దొరోతా పావ్లిక్.
ఇరవై రెండేళ్లుగా రొట్టెలు కోస్తున్నాను, కత్తి పట్టడం తెలుసు.
ఇంత సన్నగా మాత్రం ఎప్పుడూ కోయలేదు.
నూరు డాలర్లకి రెండు డాలర్ల డెబ్బై సెంట్లు:
వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే
అవతలి మనిషి కనిపించేంత పల్చన.

కనిపించాడు కూడా.
పొద్దున వచ్చాడు ప్రెస్కాట్, పళ్ల డాక్టరు.
రై రొట్టెలు మూడు, గసగసాల చుట్టలు డజను.
కార్డు అలా తాకించి, ఇలా తీసేసి
"ఇది నాకు రెండు శాతం వెనక్కిస్తుంది తెలుసా?
పోయినేడు ఊరికే వచ్చిన డబ్బుతో
టొరాంటోలో రెండు రాత్రులున్నాం" అన్నాడు.

ఊరికే.
ఆ మాటని పెట్టి తూచే త్రాసు నా షాపులో లేదు.
నవ్వి, సంచీ మూతి మడిచి ఇచ్చాను.
అత్త సొమ్ము అల్లుడి దానం.
కాకపోతే ఇక్కడ అత్తకి
నెలనెలా రసీదు కూడా పంపిస్తారు.

అలాగని నేనేం తక్కువ తిన్నానా?
నా పర్సులోనూ ఉంది ఒకటి, నీలం రంగుది.
ఈ మూడు నెలలూ పెట్రోలుకి ఐదు శాతం,
వచ్చే మూడు నెలలూ మందుల షాపుల్లో.
ముందుగా ఫోనులో ఒక బటన్ నొక్కాలి,
మరిచిపోతే ఒక్క శాతంతో సరి.
పిండి బస్తాలు కూడా దాని మీదే కొంటాను.
కిందటి శీతాకాలం మిల్లు రూబెన్
బస్తాకి తొంభై సెంట్లు పెంచాడు.
"ఏం చెయ్యను దొరోతా, అందరూ కార్డులే గీకుతున్నారు"
అన్నాడు, నా కార్డు నా చేతికిస్తూ.
ఆ తొంభైనీ, నా వాటానీ కలిపి
నేను రొట్టెకి పదిహేను సెంట్లు పెంచాను.

ఇంకోటి చెప్పాలి.
మా అక్క ఆపరేషనప్పుడు, ఏప్రిల్లో,
కట్టాల్సిన తేదీ తెలియకుండానే దాటిపోయింది.
మూడు వేల బాకీ.
ఏడాది పొడుగునా చీమలా కూడబెట్టుకున్న నూట నలభై
రెండు నెలల వడ్డీకి చాలీ చాలకుండా పోయింది.
ఆ వడ్డీ ఎటు వెళ్లిందో ఎవరిని అడగను?
బహుశా టొరాంటోకే వెళ్లుంటుంది.

ఇక ఒడెస్సా టిబ్స్.
బడి బస్సులో పిల్లలకి కాపలా కూర్చుంటుంది.
పిప్పరమెంట్ల డబ్బాలో చిల్లర తెస్తుంది,
గాజు బల్ల మీద నాలుగేసి నాణేలు గోపురంలా పేరుస్తుంది,
నేను లెక్కపెట్టేదాకా వేలు తియ్యదు.
ఆమెకి కార్డు లేదు. ఒకసారి అడిగితే బ్యాంకు కాదందట.
ఆమె రొట్టెకీ అదే ధర.
ఆ పదిహేను సెంట్లు ఆమె కూడా కడుతుంది.
ఆమెకి వెనక్కి వచ్చేది ఏమీ లేదు,
సంచీ అడుగున రాలిన నువ్వులు తప్ప.

ఒకసారి అట్ట ముక్క మీద రాశాను
నగదు ఇచ్చేవాళ్లకి పదిహేను సెంట్లు తగ్గింపు అని.
ప్రెస్కాట్ ఏమనుకుంటాడో అనిపించింది.
డజను కొనేవాడు.
అట్టని పిండి బస్తా వెనక, గోడ వైపు తిప్పి పెట్టేశాను.

ఇవాళ సాయంత్రం, తాళం వెయ్యబోతుంటే
తలుపు గంట మోగింది.
మోకాళ్ల దాకా మంచుతో ఒడెస్సా.
"పొద్దున హడావిడిలో ఇరవై ఎక్కువిచ్చావు" అంది,
రెండు డైములు బల్ల మీద పెట్టి.
ఐసు ముక్కల్లా ఉన్నాయి.
"ఇందుకోసం ఇంత దూరం నడిచొచ్చావా?"
"మరెందుకు వస్తానమ్మా, రొట్టె పొద్దునే కొన్నాగా."

వెళ్లిపోయింది.
బూట్ల గుర్తుల్లో నీళ్లు ఇంకా ఆరలేదు.
ఆరువందల పదకొండు కాగితం ఎగిరిపోకుండా
దాని మీద ఆ రెండు నాణేలు పెట్టాను.
పిండి బస్తా పక్కకి జరిపాను.
రేపు శుక్రవారం, ప్రెస్కాట్ వచ్చే రోజు.
టేపు ఎక్కడ పెట్టానో
కనపడటం లేదు.