తెర అంచున మోచెయ్యి

ఎగ్మూరు ఆఫీసు మెట్ల పక్కన
మడతబల్ల, రెండు పెన్నులు, జిగురు డబ్బా.
ఫారానికి ముప్పై రూపాయలు తీసుకుంటాను,
తమిళంలో నింపాలంటే నలభై.

మంగళవారం దామెర్ల పెరుమాళ్ళయ్య వచ్చాడు
పాత చాకలిపేట నుంచి, రెండు బస్సులు మారి.
కళాకారుల పింఛను.
పేరు రాశాను. వయసు డెబ్భై మూడు.
ఏ కళ? అన్నాను.
పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి
"ప్రాంప్టింగు" అన్నాడు.

ఫారంలో ఆ గడి లేదు.
గాత్రం ఉంది, నాట్యం ఉంది, తోలుబొమ్మలు ఉన్నాయి.
చివర్న ఇతరములు, దాని పక్కన అరంగుళం చోటు.
అందులో నలభై ఒక్క ఏళ్ళు కుక్కాను.

నెలకి ఎన్నాళ్ళు పని?
సీజనులో పన్నెండు, వానల్లో సున్నా.
మరి మిగతా రోజులు?
ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు.
"మిగతా రోజులు పద్యాలు బట్టీ పడతాం కదా బాబూ,
రాజు ఎక్కడ తడబడతాడో
రాజుకన్నా ముందు మనకి తెలియాలి."
"జీతం లేని పని" అని రాశాను.
కొట్టేసి "నిరుద్యోగం" అని రాశాను.
రెండోది ఫారానికి నచ్చే అబద్ధం.

ప్రదర్శన ఇస్తున్న ఫోటో జతపరచవలెను.
బియ్యం సంచిలోంచి ఒకటే తీశాడు:
ఎనభై మూడు, పెరంబూరు రైల్వే హాలు,
గద మీద చెయ్యేసిన దుర్యోధనుడు,
కిరీటం మీద ఫ్లాషు పేలిన తెల్లమచ్చ.
"నేనున్నాను చూడు."
కుడివైపు తెర అంచున నల్లగా ఒక మోచెయ్యి.
దాని చుట్టూ సున్నా చుట్టమన్నాడు.
చుట్టాను.

కౌంటరులో కయల్‌విళి మంచిపిల్లే, కొత్తగా చేరింది.
మోచేతికి పింఛను ఎలా ఇస్తాం తాతా అనలేదు.
నిబంధనల పుస్తకం తెరిచి, అక్షరాల మీద వేలు జరుపుతూ
పైకి చదివింది:
వేదికపై కనిపించిన రుజువు లేనివారికి
ఈ పథకం కింద తగుది...
తగుది అంటే అర్హత. అక్కడ పేజీ అయిపోయింది.
తర్వాతి పేజీ అంటుకుపోయింది.
గోటితో గీకింది. మళ్ళీ "తగుది" అంది. ఆగింది.
ఫ్యాను తిరుగుతోంది. క్యూలో ఎవరో దగ్గారు.

"ఇల్లై."

పెదవి కదలలేదు.
ఆ పిల్లకి మాత్రమే అందేటంత, సరిగ్గా అంతే.
"ఇల్లై" అని చదివి ముగించింది,
ఎవరు అందించారో తలెత్తి చూడలేదు.
నేను చూశాను. ఆయన నేల చూస్తున్నాడు,
పని బాగా జరిగినవాడిలా.

బయట టీ తాగాం. డబ్బులు వద్దన్నాను.
తమిళంలో నింపావు కదా అని
నలభై లెక్కపెట్టి బల్లమీద పెట్టాడు.
అప్పీలుకి వేరే ఫారం ఉంది, గులాబీ రంగుది,
గురువారం ఆఫీసరు ముందు మాట్లాడాలి.
"ఏం చెప్పాలో రాసి పెట్టు.
అక్కడ నాకు అందించేవాడుండడు."

సున్నా ఇంకా ఆరలేదేమోనని
ఫోటోని చొక్కాకి దూరంగా పట్టుకుని
బస్సెక్కాడు.