చుక్క పెట్టిన ఫైలు

పెన్‌డ్రైవ్‌కి పసుపు దారం కట్టుకున్నాను, ఎక్కడా పారేసుకోకుండా.
అందులో ఒకే ఒక్క ఫైలు. నలభై ఏడు పంక్తులు.
దామోదర మొదలియార్ రిటైరైన రోజు
బీరువా తాళాలతో పాటు నా చేతిలో పెట్టింది.
పేరుకి ముందు ఒక చుక్క.
"చుక్క పెడితే ఎవురి కంటా పడదు చెంగమ్మా" అన్నాడు,
పసిబిడ్డ బుగ్గన కాటుక దిద్దినవాడిలా.

పూతలపట్టు దారిలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు రాత్రి నుంచీ వరసలో ఉన్నాయి.
ఆఫీసు గదిలో విండోస్ యంత్రం
పైన ఫ్యాను కంటే గట్టిగా మోగుతుంది.
ఎడిటర్ దించాను. నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్.
చదవకుండానే ఒప్పుకున్న షరతులు
మా నాయన సేటు దగ్గర వేలిముద్ర వేసిన పత్రమంత పొడుగు.
ఇక్కడ చుక్క చెల్లదు,
పేరుకి ముందు కింద గీత గీయాలంట.
గీశాను.
నల్లటి తెర మీద రైతుల పేర్లు, బండ్ల బరువులు, తరుగులు
బుద్ధిగా దిగాయి.

అదే జాబితా తిరుపతి పాలిటెక్నిక్‌లో తెరిస్తే
ప్రతి పంక్తి చివరా ఒక టోపీ, ఒక ఎమ్ము.
ల్యాబు రెడ్డెప్ప బెదిరిపోయాడు: "వైరస్ పట్టిందా అక్కా?"
కాదబ్బా.
చిత్తూరు చర్చి వీధిలో నేను టైపు నేర్చుకునేప్పుడు
పంక్తి నిండితే చిన్న గంట మోగేది.
ఎడమచేత్తో బండిని వెనక్కి తోయాలి,
కాగితాన్ని ఒక మెట్టు పైకి తిప్పాలి. రెండు పనులు.
బండి పోయి ఇన్నేళ్లయినా
విండోస్ ఆ రెండూ చేస్తూనే ఉంది.
లినక్స్ కాగితం మాత్రం తిప్పుతుంది.
బండిని తోసిన చెయ్యి ఎక్కడైనా కనిపిస్తే
టోపీ పెట్టి నిలబెట్టి చూపిస్తుంది.

ఇక్కడ ఎడిటర్ వేయడానికి ఒక్క వాక్యం చాలు.
పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద నలకైనా పడదు.
"కొడతాండావా, లేదా?"
"గమ్మునుండు రెడ్డెప్పా, అది వింటాండాది."

ముప్పై ఒకటో పంక్తి పైన మొదలియార్ రాసి పెట్టాడు:
దీన్ని తీయొద్దు. ఎందుకో నాకూ తెలీదు.

తీసేశాను.
టైపు హయ్యరు పాసైనదాన్ని,
ఎందుకో తెలీని పంక్తి ఇంట్లో ఉంటే నిద్రపట్టదు నాకు.

ఎర్రక్క పేరులో ఒత్తులు రాలిపోయాయి.
ఎర్‌రక్‌క.
కింద మునిరత్‌నం, ఆ కింద సుబ్‌బన్‌న.
అంకెలకి ఒత్తులుండవు గనక టన్నులు మాత్రం చెక్కుచెదరలేదు.
ఎర్రక్క నాలుగు టన్నులు తోలింది,
తరుగు పోగా మూడున్నర రాశారు.
పేరులో కూడా తరుగు తీస్తే ఎట్లా?

పంక్తిని ఉన్నచోటే పెట్టేశాను.
ఎవరూ చూడలేదు, రెడ్డెప్ప తప్ప.

కొర్లగుంటలో ఎగుమతి ఏజెంటు బషీర్ గది. మ్యాక్.
బొమ్మని పట్టి లాగి పక్క అరలో పడేస్తే పని అయిపోయినట్టే,
అనుకుంటాం.
ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు పంపారు, తెరవమంటావా నిజంగా,
అద్దెకిచ్చే ముందు మా ఇల్లుగలామె అడిగినన్ని ప్రశ్నలు.
చిటికెన వేలు ముప్పై ఏళ్లుగా చేసే పని
ఇక్కడ బొటనవేలిదట.
దాచబోయాను, దాగలేదు. మళ్లీ. మళ్లీ.
బషీర్ ఏమీ అనకుండా టీ తెప్పించాడు.
నాలుగోసారికి వేలు అలవాటు మార్చుకుంది,
ఎర్రక్క ఒత్తులతో సహా వచ్చి కూర్చుంది.

చిత్తూరు బస్సులో, చంద్రగిరి దాటాక
మొదలియార్‌కి ఫోన్ చేశాను.
"ముప్పై ఒకటో పంక్తి ఏం చేస్తుంది సార్?"
"ఏ పంక్తి?" అన్నాడు.
వెనక సీట్లో మామిడికాయల గోనె, వాసన.

మర్నాడు ఫ్యాక్టరీలో, ఆయన మాట కిందనే
నా మాట ఒకటి చేర్చాను:
నేనొకసారి తీసి చూశాను.
కావాలంటే ఎర్రక్కని అడగండి.